అడిక్టివ్ (పాట)

'అడిక్టివ్' 2002లో విడుదలైన ఒక అమెరికన్ ఆంగ్ల గీతం. దీనిని ట్రూత్ హర్ట్స్ అనే రంగస్థల నామము గల గాయని షారీ వాట్సన్ పాడగా, ర్యాప్ సంగీతంలో పెద్ద తలకాయగా పేరొందిన రకీమ్ ఇందులోని ర్యాప్ భాగాన్ని వినిపించాడు. కాలిఫోర్నియాకు చెందిన మరొక సీనియర్ ర్యాపర్ డీజే క్విక్ ఈ పాటకు సంగీత నిర్మాత. అయితే ఈ పాటలో వీరు ముగ్గురే కాక నాలుగవ గొంతు కూడా వినబడుతుంది. అది లతా మంగేష్కర్ గొంతు. 1981 నాటి హిందీ చిత్రం 'జ్యోతి' లో ఆమె పాడిన 'థోడా రేషమ్ లగ్తా హై' అనే పాటను అనుమతి తీసుకొనకుండా ఇందులో వాడుకొనుట వలన అమెరికా న్యాయస్థానాలలో ఒక పెద్ద వ్యాజ్యం నడిచినది. ఆ వ్యాజ్యం కారణంగానే ఈ పాట సంగీత చరిత్రలోనే కాక న్యాయశాస్త్రంలో కూడా ప్రస్తావనకు వస్తూ ఉంటుంది. మూల గీతం ఉన్న 'జ్యోతి' చిత్ర కథకు తెలుగు సినిమాతో ఉన్న సంబంధం వలన తెలుగు పాఠకులకు దీనిపై మరికొంత ఆసక్తి కలుగవచ్చును.

కళాకారులు

ట్రూత్ హర్ట్స్ 1971లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, సెయింట్ లూయిస్ నగరంలో జన్మించినది. రిథమ్ అండ్ బ్లూస్ బాణీలో పాడే ఈమె, డాక్టర్ డ్రే 1996లో స్థాపించిన ఆఫ్టర్‌మాత్ సంస్థలో చేరి, తన తొలి ఆల్బమ్ 'ట్రూత్‌ఫుల్లీ స్పీకింగ్' ను 2002 జూన్ నెలలో విడుదల చేసినది. ఆ ఆల్బమ్ కంటే ముందుగా బయటకు వచ్చిన పాటయే 'అడిక్టివ్'. అప్పటికి ఈమె పేరు బయటి శ్రోతలకు పెద్దగా తెలియదు. కొత్త గాయనిని పరిచయం చేయునపుడు పేరున్న ర్యాపర్ చేత నాలుగు ముక్కలు చెప్పించుట అమెరికన్ సంస్థలు 1990ల నుండి పాటిస్తున్న పద్ధతి. 1995లో మరయా కేరీ తన 'ఫాంటసీ' పాట రీమిక్స్‌లో ఓల్ డర్టీ బాస్టర్డ్ అనే ర్యాపర్‌ను చేర్చుకొనిన తరువాత, పాప్ గాయనులు ర్యాపర్లతో కలసి పాడుట సర్వసాధారణమైపోయినది.

రకీమ్ అసలు పేరు విలియం మైకేల్ గ్రిఫిన్. ఇతడు 1968 జనవరి 28న జన్మించాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్ ఇతని స్వస్థలం. ఎరిక్ బి అనే డీజేతో కలసి 1987లో 'పెయిడ్ ఇన్ ఫుల్', 1988లో 'ఫాలో ద లీడర్' ఆల్బములను వెలువరించి ర్యాప్ చెప్పే తీరునే మార్చివేశాడు. అంతకు ముందు ర్యాపర్లు ప్రతి పాదం చివర మాత్రమే ప్రాస కూర్చి, బిగ్గరగా అరచినట్లు చెప్పేవారు. రకీమ్ గొంతు పెంచకుండా, పాదం మధ్యలో కూడా ప్రాసలు పేర్చుతూ, వాక్యాన్ని తాళం దాటించి తరువాతి పాదంలోనికి నడిపించేవాడు. తెలుగు ఛందస్సుతో పరిచయం ఉన్నవారికి ఇది అంత్యప్రాస నుండి అంతరప్రాసకు మారినట్లుగా తోచును. ఎరిక్ బి నుండి విడిపోయిన తరువాత ఇతడు 1997లోను, 1999లోను సొంత ఆల్బములు తెచ్చి, 2000లో ఆఫ్టర్‌మాత్ సంస్థతో ఒప్పందం చేసుకొన్నాడు. ఆ సంస్థ కోసం చేయదలచిన 'ఓ మై గాడ్' అనే ఆల్బమ్ మాత్రం వెలువడలేదు. 2003లో అతడు సంస్థను విడిచిపెట్టాడు. ఆ కొద్ది సంవత్సరాల బంధంలో జనం బాగా గుర్తుపెట్టుకొనినది 'అడిక్టివ్' లోని అతని చిన్న భాగమే.

డీజే క్విక్ అసలు పేరు డేవిడ్ బ్లేక్. లాస్ ఏంజిలస్ సమీపంలోని కాంప్టన్ పట్టణంలో 1970లో జన్మించాడు. 1991లో వచ్చిన 'క్విక్ ఈజ్ ద నేమ్' అనే తొలి ఆల్బమ్‌తోనే ర్యాపర్‌గాను, సంగీత నిర్మాతగాను స్థిరపడ్డాడు. ఈ పాట రచనలో స్టాటిక్ మేజర్ అను పేరుతో ప్రసిద్ధుడైన స్టీఫెన్ గ్యారెట్ పాలుపంచుకొన్నాడు. ఇతడు 2008లో మరణించాడు.

పాట పుట్టిన తీరు

ఈ పాట ఎలా పుట్టినదో డీజే క్విక్ తరువాతి కాలంలో పలుమార్లు చెప్పాడు. ఒకనాటి ఉదయం టెలివిజన్ పెట్టి, పళ్ళు తోముకొనుటకు వెళ్ళగా, ఏదో ఛానల్‌లో హిందీ సినిమా పాట వస్తూ ఉన్నది. ఆ తాళానికి తనకు తెలియకుండానే శరీరం ఊగుట గమనించి, పరుగున వచ్చి వీసీఆర్ మీటను నొక్కి రికార్డు చేసుకొన్నాడట. ఆ టేపులో దొరికిన శబ్దమే పాటకు పునాది అయినది. ఆ భాష ఏమిటో, గాయని ఎవరో, స్వరకర్త ఎవరో పాట తయారు చేసిన వారికి పట్టలేదు. ఆల్బమ్ పై ముద్రించిన వివరాలలో కూడా మూల గీతం పేరు గాని, స్వరకర్త పేరు గాని లేవు. తరువాత వచ్చిన చిక్కులన్నింటికి మూలం ఇక్కడే ఉన్నది.

వేరొక రికార్డు నుండి ఒక ముక్కను కత్తిరించి కొత్త పాటలో అతికించుటను శాంప్లింగ్ అంటారు. ర్యాప్ సంగీతం 1970లలో న్యూయార్క్ వీధి విందులలో పుట్టినప్పటి నుండి ఈ పద్ధతి దానితో పాటే ఉన్నది. డీజేలు పాత రికార్డులోని డప్పు మోత వచ్చే కొద్ది క్షణాల భాగాన్ని మరల మరల తిప్పి వినిపిస్తూ ఉంటే, దానిపై మరొకరు మాటలు చెప్పేవారు. తరువాత యంత్రాలు వచ్చి ఆ ముక్కలను దాచుకొని, వేగం పెంచి తగ్గించి, ఎన్నిసార్లయినా తిప్పుకొనుటకు వీలు కలిగించినవి. సాధారణంగా తీసుకొనే ముక్క రెండు మూడు క్షణాలు ఉంటుంది. 'అడిక్టివ్' సంగతి అది కాదు. ఇందులో లతా మంగేష్కర్ గొంతు పాట ఆద్యంతం వెనుక సాగుతూనే ఉంటుంది. ట్రూత్ హర్ట్స్ ఒక పాదం పాడి ఆగినచోట లత గొంతు అందుకొనుట, మరల ఈమె అందుకొనుట వలన వినేవారికి ఇది ఇద్దరు గాయనుల యుగళగీతం వలె ఉంటుంది. డీజే క్విక్ దాని క్రింద బలమైన బాస్ శబ్దాన్ని, చప్పట్లను చేర్చాడు. హిందీ మాటల అర్థానికి, ఆంగ్లంలో పాడిన విషయానికి ఏ సంబంధము లేదు. ఆంగ్ల గీతం ఒక స్త్రీ తన ప్రియుని పట్ల గల వ్యసనం వంటి మోహాన్ని చెప్పగా, ఆనంద్ బక్షీ రచించిన హిందీ గీతం అందాన్ని పొగడే శృంగార గీతం.

తూర్పు దేశపు గొంతుతో రకీమ్ ర్యాప్ కలియుట ఇది మొదటిసారి కాదు. 1987లో కోల్డ్‌కట్ అనే ఆంగ్లేయ ద్వయం 'పెయిడ్ ఇన్ ఫుల్' కు చేసిన రీమిక్స్‌లో యెమెన్ యూదు సంతతికి చెందిన ఇజ్రాయెల్ గాయని ఓఫ్రా హాజా గొంతును చేర్చి యూరప్ అంతటా పేరు తెచ్చుకొన్నారు. పదిహేనేళ్ళ తరువాత అదే ర్యాపర్, అదే తరహా కలయిక మరల విజయవంతమగుట గమనించదగినది.

'అడిక్టివ్' అమెరికాలోని బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 9వ స్థానానికి, రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో 2వ స్థానానికి, బ్రిటన్ పట్టికలో 3వ స్థానానికి చేరినది. ట్రూత్ హర్ట్స్ ఆ తరువాత పాడిన పాటలలో ఏదియు ఇంతటి ఆదరణ పొందలేదు. ఆమె రెండవ ఆల్బమ్ 'రెడీ నౌ' 2004లో వేరే సంస్థ ద్వారా విడుదలైనది.

మూల గీతం, తెలుగు మూలాలు

'థోడా రేషమ్ లగ్తా హై' పాటకు స్వరకర్త బప్పీ లహరి. 1952 నవంబరు 27న పశ్చిమ బెంగాల్‌లోని జల్పాయిగురిలో జన్మించిన ఈయన తెలుగువారికి కొత్త కాదు. కృష్ణ నిర్మించి దర్శకత్వం వహించిన 'సింహాసనం' (1986) ద్వారా తెలుగులో అడుగుపెట్టి, 'స్టేట్ రౌడీ' (1989), 'గ్యాంగ్ లీడర్' (1991), 'రౌడీ అల్లుడు' (1991), 'రౌడీ ఇన్‌స్పెక్టర్' (1992) వంటి చిత్రాలకు సంగీతం కూర్చాడు. డిస్కో బాణీకి మారుపేరుగా నిలిచిన ఈయన, 'జ్యోతి' పాటలో మాత్రం ఢోలక్ మోతపై సాగే సంప్రదాయ నాట్య గీతపు నడకను ఎన్నుకొన్నాడు. అమెరికన్ నిర్మాతను పట్టి నిలిపినది ఆయన డిస్కో కాక ఈ దేశవాళీ నడక కావడం విశేషం.

ప్రమోద్ చక్రవర్తి తన ప్రమోద్ ఫిలిమ్స్ సంస్థపై తీసిన 'జ్యోతి' చిత్రంలో జితేంద్ర, హేమమాలిని నటించారు. ఈ చిత్ర కథకు మూలం మణిలాల్ బెనర్జీ బెంగాలీ నవల 'స్వయంసిద్ధ'. ఈ నవలను మద్దిపట్ల సూరి తెలుగులోనికి అనువదించగా, దాని ఆధారంగా పి. పుల్లయ్య దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, జగ్గయ్య, శాంతకుమారి, గుమ్మడి ప్రభృతులు నటించిన 'అర్ధాంగి' చిత్రం 1955లో విడుదలైనది. జమీందారు ఇంట నిర్లక్ష్యానికి గురియై అమాయకునిగా మిగిలిపోయిన పెద్ద కుమారుని, వివాహమాడి వచ్చిన చదువుకొనిన ఇల్లాలు మనిషిగా తీర్చిదిద్దుట ఇందలి ఇతివృత్తం. పుల్లయ్యయే దీనిని 1956లో తమిళంలో 'పెణ్ణిన్ పెరుమై' గా తీశాడు. హిందీలో తెలుగు దర్శకుడు తాతినేని ప్రకాశరావు 1963లో గురుదత్, మాలా సిన్హాలతో 'బహూరాణీ' గా, కన్నడంలో పుట్టణ్ణ కణగాల్ 1969లో 'మల్లమ్మన పవాడ' గా తీశారు. 'జ్యోతి' ఆ వరుసలో తరువాతిది. అనగా ఒక బెంగాలీ నవల తెలుగు తెరపై స్థిరపడి, హిందీకి వెళ్ళి, అక్కడ చేరిన ఒక పాట కాంప్టన్ ర్యాపర్ ఇంటి టెలివిజన్ దాకా ప్రయాణించినది. పాట మాత్రం హిందీ చిత్రానికి చెందినదే కాని, 'అర్ధాంగి' లో దీనికి మాతృక లేదు.

ఇటువంటిదే మరొక ఉదాహరణ విశాఖపట్నానికి సంబంధించినది. కె. బాలచందర్ విశాఖపట్నం, భీమునిపట్నం పరిసరాలలో చిత్రీకరించిన 'మరో చరిత్ర' (1978) ను ఆయనే 1981లో హిందీలో 'ఏక్ దూజే కే లియే' గా తీశాడు. అందులో లతా మంగేష్కర్, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడిన 'తేరే మేరే బీచ్ మే' పాటలోని వయొలిన్ల స్వరాన్ని బ్రిట్నీ స్పియర్స్ పాడిన 'టాక్సిక్' లో వాడుకొన్నారు. 2004 జనవరిలో విడుదలైన 'టాక్సిక్' కు గ్రామీ పురస్కారం లభించినది. ఒకే సంవత్సరం వచ్చిన రెండు హిందీ చిత్రాలు, రెండింటికి ముందు తెలుగు చిత్రాలు, రెండింటి నుండి రెండు అమెరికన్ విజయ గీతాలు వెలువడుట కాకతాళీయమే అయినను ముచ్చటైన విషయం.

వ్యాజ్యం

2002 చివరి నెలలలో గ్రామఫోన్ కంపెనీకి వారసురాలైన సరేగమ ఇండియా సంస్థ, బప్పీ లహరి అమెరికాలో యూనివర్సల్, ఇంటర్‌స్కోప్, ఆఫ్టర్‌మాత్ సంస్థలపై దావాకు దిగారు. కోరిన నష్టపరిహారం 50 కోట్ల డాలర్లకు పైబడినది. ఇంత పెద్ద మొత్తం వలన భారతదేశపు పత్రికలలో ఈ వార్త ప్రముఖంగా వచ్చినది. 2003 ఆరంభంలో లాస్ ఏంజిలస్ ఫెడరల్ న్యాయస్థానం న్యాయమూర్తి లూర్డెస్ బేర్డ్, బప్పీ లహరి పేరును పేర్కొనకుండా ఆల్బమ్‌ను ఇకపై అమ్మరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినది. అప్పటికి పాట జోరు తగ్గినప్పటికీ, ఒక భారతీయ స్వరకర్త కోసం అమెరికన్ న్యాయస్థానం అక్కడి పెద్ద సంస్థ అమ్మకాలను ఆపుట అసాధారణమైన విషయం. బప్పీ లహరి దీనిని భారతీయ సంగీతకారులందరి విజయంగా భావించాడు. ఆయన స్వయంగా చేసిన కొన్ని డిస్కో పాటలు విదేశీ గీతాలను పోలి ఉన్నాయని విమర్శకులు చాలాకాలంగా అంటూ ఉండిన మాటను కూడా పత్రికలు ఆ సందర్భంలో గుర్తుచేయకపోలేదు.

అయితే ఈ కథ అక్కడితో ముగియలేదు. పేరు వేయవలసినదే అనుట ఒక ఎత్తు, ఆ పాటపై హక్కు ఎవరిది అనుట మరొక ఎత్తు. ఒక కృతికి హక్కుదారు ఎవరన్నది ఆ కృతి పుట్టిన దేశపు చట్టాన్ని బట్టి నిర్ణయించుట అమెరికన్ న్యాయస్థానాలలో ఆచారం. అందుచేత లాస్ ఏంజిలస్‌లో జరుగుతున్న వ్యాజ్యంలో భారత కాపీరైట్ చట్టం, 1957 ను తెరిచి చూడవలసి వచ్చినది. ఆ చట్టంలోని 17వ సెక్షను ప్రకారం నిర్మాత డబ్బిచ్చి చేయించుకొనిన పనిపై, వేరే ఒప్పందం లేనిచో, మొదటి హక్కు నిర్మాతదే. భారత సుప్రీంకోర్టు 1977లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, ఈస్టర్న్ ఇండియా మోషన్ పిక్చర్స్ అసోసియేషన్‌ల మధ్య నడచిన కేసులో సినిమా పాటల విషయంలో ఇదే మాట చెప్పినది. ఆ తీర్పుకు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ విడిగా ఒక వ్యాఖ్య జతచేసి, కళాకారునికి చట్టంలో చోటు లేకపోవుటను గురించి శాసనకర్తలు ఆలోచించవలసి ఉన్నదని సూచించాడు.

దీనిని బట్టి 'థోడా రేషమ్ లగ్తా హై' పై హక్కు ప్రమోద్ ఫిలిమ్స్‌ది, వారి నుండి రికార్డు సంస్థది అగును కాని, స్వరకర్తది కాదు. బప్పీ లహరి కాపీరైట్ దావా ఈ కారణంగానే వీగిపోయినది. అంతే కాక, ఆధారం లేని వాదాన్ని ఏళ్ళ తరబడి సాగించినందుకు ఆయన పక్షపు న్యాయవాది ఎదుటి పక్షానికి సుమారు రెండున్నర లక్షల డాలర్లు చెల్లించవలసినదిగా క్రింది కోర్టు విధించిన జరిమానాను 2010లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం ఖాయం చేసినది. 50 కోట్లు కోరిన దావా ఈ విధంగా పరిణమించినది.

లతా మంగేష్కర్ ఈ వ్యాజ్యంలో కక్షిదారు కాదు. పాట అంతటా వినిపించిన గొంతు ఆమెదే అయినను, 1981 నాటి భారత చట్టంలో గాయకులకు తమ గొంతుపై ప్రత్యేక హక్కు ఏదియు లేదు. ప్రదర్శకుల హక్కు 1994 సవరణతో మాత్రమే చట్టంలో చేరినది. గాయకులకు రాయల్టీ ఇవ్వవలెనని 1960లలోనే పట్టుబట్టిన గాయని విషయంలో ఇలా జరుగుట విచారకరం.

చట్టంలో వచ్చిన మార్పు

కృష్ణయ్యర్ సూచించిన మార్పు రావడానికి 35 సంవత్సరాలు పట్టినది. 2012లో పార్లమెంటు చేసిన కాపీరైట్ సవరణ ప్రకారం, సినిమా కోసం పాట వ్రాసిన కవి, బాణీ కట్టిన స్వరకర్త తమ హక్కును నిర్మాతకు వ్రాసి ఇచ్చినప్పటికీ, సినిమా హాలులో ప్రదర్శన మినహా ఇతర విధాలుగా ఆ పాట వాడుకొనినప్పుడు రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును వదులుకొనుట చెల్లదు. కవి జావేద్ అఖ్తర్ రాజ్యసభలో ఈ సవరణ కోసం గట్టిగా మాట్లాడాడు. 'అడిక్టివ్' వంటి పాట 2012 తరువాతి భారతీయ చిత్రగీతంతో తయారైనట్లయితే, స్వరకర్తకు కనీసం రాయల్టీ అడిగే ఆధారం ఉండేది.

అమెరికాలో శాంప్లింగ్‌పై చట్టం వేరొక దారిలో నడిచినది. 1991లో ర్యాపర్ బిజ్ మార్కీ కేసులో న్యూయార్క్ న్యాయమూర్తి దొంగతనం చేయరాదన్న బైబిల్ ఆజ్ఞతోనే తీర్పును ప్రారంభించాడు. ఆనాటి నుండి పెద్ద సంస్థలు ప్రతి శాంపిల్‌కు ముందుగా అనుమతి తీసుకొనుట మొదలుపెట్టినవి. ఇక్కడ తెలుసుకొనవలసినది ఏమనగా, ఒక పాటను శాంపిల్ చేయుటకు రెండు అనుమతులు కావలెను. ఒకటి బాణీ, సాహిత్యం కలసిన కృతికి, రెండవది ఆ కృతిని పాడి నమోదు చేసిన రికార్డుకు. మొదటిది మాత్రమే సంపాదించినవారు పాటను తిరిగి పాడించుకొనవచ్చును గాని, పాత రికార్డును కత్తిరించి వాడరాదు. 2002 నాటికి ఇది అందరికీ తెలిసిన నియమం. అట్టి స్థితిలో అంత పెద్ద సంస్థ ఈ పాటకు అనుమతి లేకుండా విడుదల చేయుటకు, పాట విదేశానిది, అడిగేవారు ఉండరన్న ధీమాయే కారణమని అనేకులు భావించారు.

సరేగమ సంస్థ ఇటువంటి మరొక కేసులో ఓడిపోయినది. 'ఆరాధన' (1969) లోని 'బాగోం మే బహార్ హై' పాట ముక్కను ర్యాపర్ ద గేమ్ పాటలో టింబలాండ్ వాడుకొన్నాడని వేసిన దావాలో, ఆ రికార్డుపై సంస్థకు పాత ఒప్పందం ద్వారా దక్కిన హక్కు కాలపరిమితితో కూడినదని 2011లో పదకొండవ సర్క్యూట్ న్యాయస్థానం తేల్చినది. పాత ఒప్పంద పత్రాలు జాగ్రత్తగా వ్రాసుకొనకపోతే ఎంత నష్టమో ఈ రెండు కేసులు కలిపి చదివినవారికి తెలియును. విశాఖపట్నం సమీపాన సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల మేధోసంపత్తి చట్టాన్ని అభ్యసించే విద్యార్థులకు, ఒకే పాటలో రెండు దేశాల చట్టాలు ఎదురుపడిన ఈ ఉదాహరణ ఉపయోగపడగలదు. (విశాఖపట్నం జిల్లాలో ఉండిన సబ్బవరం 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది.)

ఇదే కాలపు ఇతర పాటలు

2001 నుండి 2005 వరకు అమెరికన్ ర్యాప్‌లో భారతీయ శబ్దాలకు ఒక విధమైన మోజు ఏర్పడినది. 2001లో మిస్సీ ఎలియట్ పాడిన 'గెట్ యువర్ ఫ్రీక్ ఆన్' లో టింబలాండ్ పంజాబీ తుంబీ నాదాన్ని ఉపయోగించాడు. 2003లో పంజాబీ ఎంసీ పాటకు జే-జీ తన ర్యాప్ జోడించాడు. 2002లో ఎరిక్ సెర్మన్, రెడ్‌మాన్ అనే సీనియర్ ర్యాపర్లు చేసిన 'రియాక్ట్' లో 'తాజ్‌మహల్' (1963) చిత్ర గీతపు ముక్క వినిపిస్తుంది. ఆ ముక్కలోని హిందీ మాటలు ఆత్మహత్యను గురించి కాగా, ర్యాపర్ ఆమె ఏమన్నదో తనకు తెలియదన్న ధోరణిలో సరదాగా బదులు చెబుతాడు. భాష తెలియక వాడుకొనుటకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. దీనికి భిన్నంగా, 2005లో బ్లాక్ ఐడ్ పీస్ బృందం తమ 'డోంట్ ఫంక్ విత్ మై హార్ట్' పాటలో కల్యాణ్‌జీ-ఆనంద్‌జీ బాణీలను వారి పేర్లు పేర్కొని వాడుకొన్నది. ఆ పాటకు గ్రామీ వచ్చినది, స్వరకర్తలకు గుర్తింపు కూడా వచ్చినది. 'అడిక్టివ్' వ్యాజ్యం తరువాత సంస్థలు జాగ్రత్తపడినవని దీనిని బట్టి ఊహించవచ్చును.

భారతదేశంలో ప్రభావం

'అడిక్టివ్' విజయం వలన మరుగునపడిన మూల గీతానికి స్వదేశంలో కొత్త ఊపిరి వచ్చినది. హ్యారీ ఆనంద్ 'కలియోం కా చమన్' అను పేరుతో దీని రీమిక్స్ చేయగా, విజయవాడలో జన్మించిన మేఘనా నాయుడు ఆ వీడియోలో నర్తించి దేశమంతటా పేరు తెచ్చుకొన్నది. 1981లో పెద్దగా పట్టించుకొనని పాట, అమెరికా చుట్టి వచ్చిన తరువాత ఇక్కడి పెళ్ళి ఊరేగింపులలో మ్రోగినది.

తెలుగు పాప్ సంగీతం కూడా అప్పుడే పాత పాటలను తిరగతోడుతూ ఉండినది. 2000లో 'హాయ్ రబ్బా' ఆల్బమ్‌తో వెలుగులోనికి వచ్చిన స్మిత, తరువాత 'దేవుడు చేసిన మనుషులు' (1973) లో ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన 'మసక మసక చీకటిలో' ను కొత్త హంగులతో పాడినది. ఇది తిరిగి పాడించుకొనుటయే కాని పాత రికార్డును కత్తిరించుట కాదు. ర్యాప్ విషయానికి వస్తే, 1992లో 'ఠండా ఠండా పానీ' తో పేరుపొందిన బాబా సెహగల్ తెలుగులో 'జల్సా' (2008), 'గబ్బర్ సింగ్' (2012) వంటి చిత్రాలలో పాడాడు. 'ఠండా ఠండా పానీ' బాణీ వెనీలా ఐస్ 1990లో చేసిన 'ఐస్ ఐస్ బేబీ' నుండి వచ్చినది. అందులోని బాస్ స్వరం క్వీన్ బృందం, డేవిడ్ బోవీ కలసి 1981లో చేసిన 'అండర్ ప్రెషర్' నుండి తీసుకొనబడినది. అరువు తెచ్చుకొనుట రెండు వైపుల నుండి జరిగినదని, ఒక వైపు వారు మాత్రమే కోర్టుకు వెళ్ళవలసి వచ్చినదని అనుకొనరాదు.

బప్పీ లహరి 2022 ఫిబ్రవరి 15న ముంబైలో మరణించాడు. పాటను పాడిన లతా మంగేష్కర్ అంతకు తొమ్మిది రోజుల ముందు, ఫిబ్రవరి 6న, అదే నగరంలో కన్నుమూసినది. గీత రచయిత ఆనంద్ బక్షీ 'అడిక్టివ్' విడుదలైన 2002వ సంవత్సరం మార్చిలోనే మరణించుట వలన, తన పాట అమెరికా పట్టికలకు ఎక్కిన సంగతి ఆయనకు తెలియదు.